పాత డీజిల్ లారీలలో పవర్ స్టీరింగు, వాక్యూం పంపుల లోప నిర్ధారణ

పాత డీజిల్ లారీలలో పవర్ స్టీరింగు, వాక్యూం పంపుల లోప నిర్ధారణ అనగా, స్టీరింగు చక్రం బరువెక్కినప్పుడు గానీ బ్రేకు పెడలు గట్టిపడినప్పుడు గానీ అందుకు కారణం పంపులో ఉన్నదా, పంపును తిప్పే బెల్టులో ఉన్నదా, గొట్టాలలో ఉన్నదా, లేక పంపుతో సంబంధం లేని మరొక భాగంలో ఉన్నదా అని వరుసగా తేల్చుకొనే పద్ధతి. ఈ రెండు పంపులు చేసే పనులు వేరైనప్పటికీ రెండింటికీ శక్తి ఇంజను నుండే లభిస్తుంది. అందువలన ఒక చోట పుట్టిన లోపం మరొక చోట బయటపడటం ఈ వాహనాలలో సాధారణం. ఈ వ్యాసం హైదరాబాదు నగరపు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో ఎక్కువగా తిరిగే చిన్న, మధ్య తరహా లారీలను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినది.

నేపథ్యం

దిల్‌సుఖ్‌నగర్ నుండి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చేరే రోడ్డు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిలో భాగం. పూర్వం ఈ రహదారి సంఖ్య 9. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు ఇది 65వ సంఖ్య రహదారి అయినది. ఎల్.బి.నగర్ కూడలిలో ఇన్నర్ రింగు రోడ్డు దీనిని కలుస్తుంది. అక్కడికి దగ్గరలోని సాగర్ రింగు రోడ్డు కూడలి నుండి నాగార్జునసాగర్ వైపు రోడ్డు వెళుతుంది. కొత్తపేట వద్ద గల గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021లో బాటసింగారానికి తరలించే వరకు, మామిడి కాలంలో ఈ రోడ్డు పొడవునా సరుకు బండ్లు బారులు తీరి ఉండేవి. వనస్థలిపురం దాటిన తరువాత మహావీర్ హరిణ వనస్థలికి సమీపంలో ఉన్న ఆటోనగర్‌లో లారీల మరమ్మత్తు షెడ్లు, విడిభాగాల దుకాణాలు కలవు.

పగటి వేళ నగరంలోనికి పెద్ద లారీల రాకపై ఆంక్షలు ఉన్నందున, సరుకును లోపలికి చేర్చే పని చాలావరకు చిన్న లారీలదే. వీటిలో 1986లో వచ్చిన టాటా 407 ముఖ్యమైనది. అదే దశకంలో జపాను కంపెనీల సహకారంతో స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, డి.సి.ఎం. టొయోటా, ఆల్విన్ నిస్సాన్ లారీలు వచ్చాయి. తెలంగాణలో మధ్య తరహా లారీ ఏ కంపెనీదైనా సరే దానిని "డీసీఎం" అని పిలవడం డి.సి.ఎం. టొయోటా పేరు నుండి వచ్చినదే. ఆ కంపెనీ పోయినా పేరు మాత్రం నిలిచిపోయినది. ఆల్విన్ నిస్సాన్ లారీలు మెదక్ జిల్లా జహీరాబాదులో తయారయ్యేవి. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా సంస్థ చేతికి వెళ్ళినది.

ఈ తరగతి లారీల తొలి నమూనాలలో చాలా వాటికి పవర్ స్టీరింగు లేదు, తరువాతి నమూనాలలో వచ్చినది. బ్రేకులు మాత్రం మొదటి నుండి ద్రవంతో పనిచేసేవి, వాక్యూం బూస్టరు సహాయం కలవి. పది టన్నులు, అంతకు పైబడి బరువు మోసే పెద్ద లారీలకు గాలి బ్రేకులు ఉంటాయి. వాటిలో వాక్యూం పంపుకు బదులు కంప్రెసరు ఉంటుంది గనుక వాటి లోపాలు ఈ వ్యాస పరిధిలోనికి రావు.

పనిచేసే విధానం

పెట్రోలు ఇంజనులో గాలి లోనికి వెళ్ళే మార్గంలో థ్రాటిల్ పలక ఉంటుంది. ఆ పలక కొంత మూసుకొని ఉన్నప్పుడు దాని వెనుక పాక్షిక శూన్యం ఏర్పడుతుంది, బ్రేకు బూస్టరుకు అదే చాలును. పాత డీజిల్ ఇంజనులో అటువంటి పలక లేదు. గాలి అడ్డు లేకుండా లోనికి పోతుంది, ఇంధనపు పరిమాణం మాత్రమే మారుతుంది. కాబట్టి శూన్యాన్ని తయారు చేయుటకు ప్రత్యేకంగా ఒక పంపు అవసరమైనది. దానినే వాక్యూం పంపు అంటారు. విడిభాగాల దుకాణాలలో "ఎగ్జాస్టర్" అని అడిగినా ఇదే ఇస్తారు.

ఎక్కువ వాహనాలలో ఈ పంపు ఆల్టర్నేటరు వెనుక భాగాన అదే ఇరుసు మీద బిగించబడి ఉంటుంది. లోపల ఒక రోటరు, దాని గాడులలో జారే పలకలు ఉంటాయి. ఇంజను నుండి సన్నని గొట్టం ద్వారా వచ్చే ఆయిలు ఈ పలకలకు కందెనగా పనిచేయడమే కాక వాటి అంచుల వద్ద గాలి తప్పించుకోకుండా మూస్తుంది. పంపు పీల్చిన గాలి, వాడిన ఆయిలు కలిసి లావుపాటి వాపసు గొట్టం ద్వారా ఇంజను అడుగు భాగానికి చేరతాయి. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపించినా నిర్ధారణలో దీనికి చాలా ప్రాముఖ్యం ఉన్నది. అది క్రింద వివరించబడినది.

బూస్టరు లోపల రబ్బరు డయాఫ్రం ఉంటుంది. దానికి ఒక వైపు శూన్యం ఉండగా, పెడలు నొక్కినప్పుడు రెండవ వైపుకు బయటి గాలి వస్తుంది. 9 అంగుళాల వ్యాసం గల డయాఫ్రం మీద 650 మిల్లీమీటర్ల పాదరస శూన్యం ఉంటే లభించే బలం సుమారు 350 కిలోలు. శూన్యం 400 మిల్లీమీటర్లకు పడిపోతే ఆ బలం సుమారు 220 కిలోలకు తగ్గుతుంది. ఆ తేడా అంతా డ్రైవరు కాలి మీద పడుతుంది.

పవర్ స్టీరింగు పంపు కూడా పలకల పంపే. అయితే ఇది నూనెను పీడనంతో స్టీరింగు బాక్సులోనికి పంపుతుంది. డ్రైవరు చక్రం తిప్పిన వైపుకు బాక్సులోని కవాటం నూనెను మళ్ళిస్తుంది. ఈ పంపును కొన్ని ఇంజనులలో బెల్టు, కొన్నింటిలో టైమింగు గేర్లు తిప్పుతాయి. అమెరికాలో 1990లలో డాడ్జ్ రామ్ పికప్పులకు అమర్చిన 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజనులో వాక్యూం పంపును గేరు తిప్పుతుంది, దాని వెనుకనే తగిలించిన పవర్ స్టీరింగు పంపును వాక్యూం పంపు ఇరుసు తిప్పుతుంది. అక్కడ ఒక సీలు పాడైతే రెండింటినీ కలిపి దించవలసి వస్తుంది. మన లారీలలో ఈ రెండూ సాధారణంగా విడివిడిగానే ఉంటాయి.

ఛార్జింగు దీపం ఇచ్చే హెచ్చరిక

వాక్యూం పంపు ఆల్టర్నేటరు ఇరుసు మీదనే ఉన్న లారీలలో, డాష్‌బోర్డు మీది ఎర్రని ఛార్జింగు దీపం బ్యాటరీకి సంబంధించినది మాత్రమే కాదు, బ్రేకుకు కూడా సంబంధించినది. బెల్టు తెగితే ఆల్టర్నేటరుతో పాటు పంపు కూడా ఆగుతుంది. బెల్టు జారుతుంటే రెండూ సగం వేగంతో తిరుగుతాయి. చాలా ఇంజనులలో అదే బెల్టు నీటి పంపును, ఫ్యానును కూడా తిప్పుతుంది గనుక దీపం వెలిగిన కొద్దిసేపటికి వేడి ముల్లు కూడా పైకి లేస్తుంది.

ఈ హెచ్చరికను చాలామంది పట్టించుకొనకపోవడానికి కారణం ఉన్నది. పాత డీజిల్ ఇంజనులో ఇంధన పంపు పూర్తిగా యాంత్రికమైనది. ఒకసారి స్టార్టు అయిన తరువాత అది నడవడానికి విద్యుత్తు అవసరం లేదు. దీపం వెలుగుతున్నా ఇంజను శబ్దంలో గానీ లాగుడులో గానీ మార్పు ఉండదు. "పగలే గదా, లైట్లతో పని లేదు, సాయంత్రం ఎలక్ట్రీషియనుకు చూపిద్దాం" అనుకొని డ్రైవరు లోడుతో బయలుదేరుతాడు. బూస్టరులో మిగిలి ఉన్న శూన్యం రెండు మూడు సార్లు పెడలు నొక్కడానికి మాత్రమే సరిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ వంటి రద్దీ రోడ్డులో అది రెండు సిగ్నళ్ళ దూరం కూడా రాదు. ఆ తరువాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. బ్రేకులు పూర్తిగా పోవు గానీ, అదే దూరంలో ఆపాలంటే మామూలు కంటే ఎన్నో రెట్లు బలంగా తొక్కాలి.

ఈ కారణం చేతనే దిగుడులో డీజిల్ ఆదా కోసం ఇంజను ఆపి బండిని దొర్లించే అలవాటు ప్రమాదకరమైనది. ఎల్.బి.నగర్ కూడలి చుట్టుపక్కల 2018 తరువాత కట్టిన పైవంతెనల దిగుడులోనైనా, శ్రీశైలం ఘాటులోనైనా ఇంజను ఆగిన మరుక్షణం స్టీరింగు సహాయం పోతుంది, బ్రేకు సహాయం రెండు మూడు తొక్కుళ్ళకు పోతుంది, ఇంజను బ్రేకింగు కూడా ఉండదు.

పని విభజన వలన మరొక చిక్కు ఉన్నది. మరమ్మత్తు షెడ్లలో ఆల్టర్నేటరు ఎలక్ట్రీషియను పని, బ్రేకులు బ్రేకు మేస్త్రి పని. వాక్యూం పంపు ఒకరి వస్తువు మీద బిగించి ఉండి మరొకరి వ్యవస్థకు పనిచేస్తుంది. బ్రేకు మేస్త్రి మాస్టరు సిలిండరు, లైనింగులు మార్చి చూస్తాడు. ఎలక్ట్రీషియను కార్బన్ బ్రష్షులు మార్చి పంపుతాడు. పంపును ఎవరూ చూడరు. యజమాని రెండు బిల్లులు చెల్లించిన తరువాత కూడా పెడలు గట్టిగానే ఉంటుంది. పంపు సీలు కారి ఆయిలు ఆల్టర్నేటరులోనికి చేరితే బ్రష్షులు తడిసి దీపం మసకగా వెలుగుతుంది. మసక దీపం, గట్టి పెడలు కలిసి కనిపించినప్పుడు ముందుగా అనుమానించవలసినది ఈ సీలునే.

అయితే దీపం వెలగనంత మాత్రాన పంపు బాగున్నదని అర్థం కాదు. ఆయిలు గొట్టం మూసుకుపోయి పలకలు అరిగినప్పుడు ఆల్టర్నేటరు చక్కగా ఛార్జి చేస్తూనే ఉంటుంది, శూన్యం మాత్రం ఉండదు. పంపును గేరు తిప్పే ఇంజనులలో కూడా ఈ దీపం ఏమీ చెప్పదు.

వాక్యూం పంపు పరీక్ష

ఏ పనిముట్టూ లేకుండా చేయదగిన పరీక్ష మొదట చేయాలి. బండిని చదునైన నేల మీద ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను ఆపి, పెడలు గట్టిపడే వరకు నాలుగైదు సార్లు నొక్కాలి. తరువాత పెడలును నొక్కి పట్టుకొని ఇంజను స్టార్టు చేయాలి. శూన్యం తయారై బూస్టరు బాగుంటే పెడలు కాలి క్రింద కొద్దిగా దిగుతుంది. దిగకపోతే పంపు, గొట్టం, నాన్ రిటర్న్ వాల్వు, బూస్టరు ఈ నాలుగింటిలో ఒక దానిలో లోపం ఉన్నట్లు. ఇంజను నడుస్తుండగా పెడలు నొక్కి పట్టుకొని ఇంజను ఆపి అర నిమిషం చూడాలి. పెడలు పైకి తన్నితే శూన్యం ఎక్కడో కారిపోతున్నది.

లోపం ఈ నాలుగింటిలో ఎక్కడ ఉన్నదో తేల్చడానికి వాక్యూం గేజి కావాలి. గేజిని నేరుగా పంపు మూతికి తగిలించి, వేడెక్కిన ఇంజనును నెమ్మదిగా నడిపి చూడాలి. ఇక్కడ హైదరాబాదుకు సంబంధించిన ఒక విషయం గుర్తుంచుకోవాలి. నగరం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. సముద్ర తీరంలో వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్లు కాగా ఇక్కడ సుమారు 715 మాత్రమే. కనుక మచిలీపట్నంలో 690 చూపిన పంపు ఎల్.బి.నగర్‌లో 645 దగ్గర ఆగుతుంది. పుస్తకంలోని అంకె రాలేదని మంచి పంపును పారవేయరాదు. అయితే 500 కూడా దాటకపోతే, లేదా ముల్లు పైకి చేరడానికి చాలా సమయం తీసుకుంటే పంపు అరిగినట్లే.

నేరుగా పంపు వద్ద అంకె బాగుండి బూస్టరు వద్ద తక్కువగా ఉంటే గొట్టం పగిలి ఉండవచ్చు. పాత రబ్బరు గొట్టం పైకి బాగానే కనిపించి, లోపలి పొర ఊడి, శూన్యానికి తనలో తానే ముడుచుకొని మూసుకుపోవడం కూడా కలదు. నాన్ రిటర్న్ వాల్వును గొట్టం నుండి తీసి నోటితో ఊదితే ఒక వైపుకే గాలి పోవాలి. ఈ వాల్వు పాడైతే ఇంజను ఆపిన వెంటనే శూన్యం పోవడమే కాక, పంపులోని ఆయిలు బూస్టరు వైపు ప్రయాణించి డయాఫ్రం రబ్బరును ఉబ్బింపజేస్తుంది.

వేరే లోపంగా భ్రమపడే సందర్భాలు

డయాఫ్రం చిరిగినప్పుడు పంపు విరామం లేకుండా బయటి గాలిని పీల్చి ఇంజను అడుగు భాగంలోనికి పంపుతూ ఉంటుంది. ఫలితంగా బ్రీదరు నుండి గాలి ఎక్కువగా ఎగదన్నుతుంది, సీళ్ళ వద్ద ఆయిలు కారుతుంది. ఇది చూసి "రింగులు పోయాయి, బోరు చేయించాలి" అని తేల్చడం సులభం. ఇంజను విప్పే ముందు పంపు వద్ద వాక్యూం గొట్టాన్ని తీసి పంపు మూతిని బిరడాతో మూసి రెండు నిమిషాలు నడిపి చూస్తే సరిపోతుంది. బ్రీదరు శాంతిస్తే లోపం బూస్టరుది, ఇంజనుది కాదు. వేల రూపాయల ఖర్చును ఆపే ఈ రెండు నిమిషాల పరీక్ష చాలా షెడ్లలో జరగకపోవడం విచారకరం. ఈ పరీక్ష చేసేటప్పుడు బండిని కదిలించరాదని వేరుగా చెప్పనవసరం లేదు.

బ్రేకు ఆయిలు డబ్బాలో తరుగుతూ, చక్రాల వద్ద గానీ పైపుల వద్ద గానీ తడి కనిపించకపోతే, మాస్టరు సిలిండరు వెనుక సీలు కారి ఆయిలు బూస్టరులోనికి పోతున్నదని అనుమానించాలి. అక్కడి నుండి పంపు దానిని పీల్చి ఇంజను ఆయిలులో కలుపుతుంది. మాస్టరు సిలిండరు బోల్టులు వదులు చేసి వెనుక భాగం తడిగా ఉన్నదేమో చూస్తే తెలుస్తుంది.

పవర్ స్టీరింగు పరీక్ష

స్టీరింగు బరువెక్కగానే పంపును నిందించడం వాడుక. కానీ చిన్న లారీలలో కింగు పిన్నులు గ్రీజు లేక బిగుసుకుపోవడం, ముందు టైర్లలో గాలి తగ్గడం అంతకంటే ఎక్కువగా ఎదురయ్యే కారణాలు. ముందు ఇరుసును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపి, స్టీరింగు బాక్సు నుండి వచ్చే డ్రాగ్ లింకును విడదీసి, చక్రాలను చేతితో తిప్పి చూడాలి. అప్పుడు కూడా బరువుగా ఉంటే కింగు పిన్నులదే లోపం. ఎంత కొత్త పంపు వేసినా ప్రయోజనం ఉండదు, పైగా ఆ భారాన్ని మోయలేక కొత్త పంపు కూడా త్వరగా పాడవుతుంది.

చక్రాలు తేలికగా తిరిగితే నూనె డబ్బా మూత తీసి చూడాలి. నూనె నురుగుగా ఉంటే పీల్చే వైపు గొట్టంలో గాలి చొరబడుతున్నది. ఆ వైపు పీడనం తక్కువ గనుక నూనె బయటికి కారదు, గాలి మాత్రం లోనికి పోతుంది. పైకి పొడిగా కనిపించే క్లిప్పే దోషి కావచ్చు. నూనె మాడిన వాసన వేసి నల్లబడితే, లేక అందులో లోహపు మెరుపు కనిపిస్తే పంపు లోపల అరుగుదల మొదలైనట్లు. నెమ్మదిగా నడిచేటప్పుడు మాత్రమే బరువుగా ఉండి, రేసు ఇస్తే తేలికపడితే బెల్టు జారుతుండవచ్చు, లేక పలకలు అరిగి ఉండవచ్చు. చక్రాన్ని పూర్తిగా ఒక వైపుకు తిప్పినప్పుడు కీచుమనే శబ్దం బెల్టుది, మూలుగు వంటి శబ్దం పంపుది. ఒక వైపుకు తేలికగా, రెండవ వైపుకు బరువుగా ఉంటే పంపును వదిలి స్టీరింగు బాక్సును చూడాలి. పంపుకు కుడి ఎడమలు తెలియవు.

చివరి మాట పీడన గేజిది. పంపుకు, బాక్సుకు మధ్య గేజిని, దాని తరువాత మూసే వాల్వును అమర్చి, ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా వాల్వును క్షణకాలం మూయాలి. తయారీదారు పుస్తకంలోని పీడనం వస్తే పంపు మంచిదే, లోపం బాక్సులో ఉన్నది. రాకపోతే పంపు గానీ, దానిలోని రిలీఫ్ వాల్వు గానీ పాడైనది. వాల్వును ఐదు సెకన్లకు మించి మూసి ఉంచితే పరీక్షించబోయిన పంపు పరీక్షతోనే పాడవుతుంది.

రెండూ ఒకేసారి బరువెక్కినప్పుడు

స్టీరింగు, బ్రేకు ఒకే క్షణాన బరువెక్కితే రెండు పంపులూ కలిసి పాడైనవని భావించడం తర్కానికి నిలవదు. ఇంజను ఆగిపోయి ఉండవచ్చు, లేక రెండింటినీ తిప్పే బెల్టు తెగి ఉండవచ్చు. అట్టి సమయంలో పెడలును మాటిమాటికీ తొక్కి వదలరాదు. వదిలిన ప్రతిసారీ మిగిలిన శూన్యం కొంత ఖర్చవుతుంది. ఒకే తొక్కుడుగా గట్టిగా నొక్కి పట్టి, క్రింది గేరులోనికి మార్చి, వేగం తగ్గిన తరువాత చేతి బ్రేకును వాడుతూ రోడ్డు ప్రక్కకు చేరాలి. చక్రం రెండు చేతులతో లాగితే తిరుగుతుంది, స్టీరింగు పూర్తిగా తెగిపోలేదని గుర్తుంచుకోవాలి.

మరమ్మత్తులో జాగ్రత్తలు

కొత్త వాక్యూం పంపును పొడిగా బిగించరాదు. ఆయిలు గొట్టం కలిపే ముందు పంపులో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి ఇరుసును చేతితో తిప్పాలి. పాత గొట్టాన్ని విప్పి స్టార్టరు తిప్పినప్పుడు ఆయిలు ధారగా వస్తున్నదో లేదో చూడాలి. మునుపటి పంపు ఆయిలు అందక చెడిపోయి ఉంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది. వాపసు గొట్టం మూసుకుపోతే ఆయిలు పంపులో నిండి పలకలు విరుగుతాయి. ఆల్టర్నేటరును మార్చేటప్పుడు వెనుక పంపు లేని రకం, లేక వ్యతిరేక దిశలో తిరిగే రకం బిగించకుండా చూసుకోవాలి.

పవర్ స్టీరింగు డబ్బాలో బ్రేకు ఆయిలు గానీ, బ్రేకు డబ్బాలో స్టీరింగు నూనె గానీ ఒక్క చెంచాడు పోసినా సీళ్ళు పాడవుతాయి. ఈ రెండు నూనెలకు తగిన రబ్బరులు వేరు. పంపు మార్చిన తరువాత ముందు చక్రాలను నేల నుండి లేపి, ఇంజను ఆపి ఉండగానే స్టీరింగును రెండు చివరల వరకు పది పదిహేను సార్లు తిప్పి గాలిని వెళ్ళగొట్టాలి. నూనె తగ్గుతున్న కొద్దీ పోస్తూ ఉండి, బుడగలు ఆగిన తరువాతనే ఇంజను స్టార్టు చేయాలి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2018లో చేసిన సవరణ ప్రకారం రవాణా వాహనానికి ఎనిమిదేళ్ళు నిండిన తరువాత ఫిట్‌నెస్ పత్రాన్ని ప్రతి సంవత్సరం పునరుద్ధరించుకోవాలి. వాక్యూం గొట్టం, నాన్ రిటర్న్ వాల్వు, బెల్టు ఈ మూడింటిని ఆ గడువుకు ముందే మార్చుకొనడం ఆటోనగర్‌లో బండి నిలిపి ఉన్న ఒక పూటలో అయిపోయే పని.